రోడ్డు కింది కేబులు

సిరిసిల్లలో భూమి మీద కనిపించే పనులు చేసేవాళ్లకు కొదవలేదు. భూమిలో ఇరుక్కున్నదాన్ని బయటికి తీయాలంటే మాత్రం ఒక్కడే మనిషి, ముత్తయ్య. పాత కరెంటు కేబులు పైపులో బిగుసుకుని రానని మొండికేసిందంటే ఆయనకే కబురు పోతుంది. జగిత్యాలలో సినిమా హాలు, కోరుట్లలో బీడీల గోదాము, వేములవాడలో లాడ్జీ, గొల్లపల్లిలో రైసుమిల్లు, ఎక్కడిదైనా సరే, ఆయన చేయి పడ్డాక భూమి కడుపులో మిగిలిపోయిన కేబులు లేదు. ఈ మాట ఊళ్లోవాళ్లు అన్నదానికంటే ఆయన స్వయంగా అనుకున్నదే ఎక్కువ. అయినా అబద్ధం కాదు.

ఆయన సరంజామా చూస్తే నవ్వొస్తుంది. చుట్టగా చుట్టిన ఉక్కుతీగ, నైలాన్ తాడు, బట్టల సబ్బు, బడిపిల్లల దగ్గర అడుక్కున్న సుద్దముక్క. పైపు మూతి దగ్గర గొంతుక్కూర్చుని, కేబులు బయటికి వచ్చిన చోట సుద్దతో గీత గీస్తాడు. అవతలి కొన దగ్గర మరో మనిషిని కూర్చోబెట్టి కేబుల్ని లోపలికి నెట్టమంటాడు. గీత వెంట్రుకవాసి కదిలితే చాలు, ఇక పని అయిపోయినట్టే లెక్క, బీడీ ముట్టిస్తాడు. చూడవచ్చిన కుర్రాళ్లు ఆగలేక తాడు పట్టుకుని లాగబోతే కసురుతాడు.

"గుంజకుండ్రి! బర్రెను తాడువట్టి గుంజుతె ఏంజేస్తది? నాలుగు కాళ్లు తన్నిపట్టి నిలవడ్తది. ఎనుకకెల్లి నూకుండ్రి, అదే ముందుకు ఉరుకుతది."

ఇంత తెలివి ఆయనకు పుట్టుకతో రాలేదు. తండ్రి సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. పొద్దస్తమానం దాని ముందు నిలబడి తెగిన పోగులు అతకడం ముత్తయ్య వల్ల కాలేదు. పద్దెనిమిదో ఏట జగిత్యాలకు పారిపోయి, మోటార్లు బాగుచేసే దుకాణంలో ఆరేళ్లు చేతులు కాల్చుకుని, వైరింగు నేర్చుకుని తిరిగొచ్చాడు. చెల్లెలు సుమలతను జనార్దన్‌కు ఇచ్చాక, బావను కూడా ఈ పనిలోకి దింపాడు. బావలిద్దరూ జంటగా తిరిగేవారు. మాటలన్నీ ముత్తయ్యవి, పనంతా జనార్దన్‌ది అనేవారు గిట్టనివాళ్లు. గిట్టేవాళ్లు కూడా అదే అనేవారు. జనార్దన్ నోట్లో నాలుక లేని మనిషి. మేకు కొట్టే ముందు మూడుసార్లు కొలిచే రకం.

తొంభై తొమ్మిదిలో లసుమవ్వ కార్ఖానా పని దొరికింది. లసుమవ్వ ఎనిమిది సాంచాల ఆసామి. భర్త పోయాక కార్ఖానాను తానే నిలబెట్టుకున్న ఆడమనిషి. కరెంటు స్తంభం రోడ్డుకు అవతల ఉంది, కార్ఖానా ఇవతల ఉంది. పైనుంచి వైరు వేస్తే నూలు బస్తాల లారీలు ఏడాదికి రెండుసార్లు తెంపుకుపోతున్నాయి. అందుకని రోడ్డు కింద ఇనుప పైపులు పరిచి, వాటిలోంచి లావు కేబులు లాగాలని నిశ్చయమైంది. పైపులు కలిసే కీలు దగ్గర సిమెంటు పూసింది జనార్దన్. కేబులు ఎక్కించింది ముత్తయ్య.

ఎక్కించడం అంటే సగం దాకా ఎక్కింది. అరవై అడుగుల పైపులో ముప్పై అడుగుల దగ్గర ఆగిపోయింది. చూస్తూ నలభై మంది నిలబడ్డారు. అది ముత్తయ్య తొలి పెద్ద పని. అప్పుడు ఆయనలో నేతరక్తం ఉప్పొంగింది. పడుగు నూలు మగ్గం ఎక్కే ముందు ఏం చేస్తారు? గంజి పడతారు. గంజి పట్టిన పోగు పీచు లేవకుండా మగ్గానికుండే దువ్వెనలాంటి అచ్చులోంచి జారిపోతుంది. పోగు జారితే కేబులు జారదా? లసుమవ్వ వంటింట్లోంచి రెండు బక్కెట్ల చిక్కటి బియ్యపు గంజి గుట్టుగా తెచ్చుకుని, కిటుకు బయటపడకుండా సబ్బునీళ్లని చెప్పి పైపులో కుమ్మరించాడు. కేబులు వెన్నపూసలో కత్తిలా దిగిపోయింది. నలభై మందీ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం ముత్తయ్య తలపాగా కట్టుకోవడం ఒక్కటే తక్కువ.

గంజి ఎండితే ఏమవుతుందో సిరిసిల్లలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? గంజి పెట్టి ఆరేసిన ధోవతి నేలమీద నిలబెడితే నిలబడుతుంది. ముత్తయ్యకు ఆ సంగతి తెలియక కాదు. ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఆరు నెలలకు లసుమవ్వ అదే పైపులోంచి ఇంకో వైరు లాగమంది. లోపలికి చీపురుపుల్ల కూడా పోలేదు. పైపంతా రాయిలా బిగుసుకుంది. లసుమవ్వ పదిమంది ముందు నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది.

"గీ పైపు ఎవలు మూసిండ్రు ముత్తయ్యా?"

ముత్తయ్య నోరు ఆయనకంటే ముందు పరిగెత్తింది. "కీలు కాడ సిమెంటు లోపటికి జారినట్టున్నదక్కా. బావ పూసిండు గద."

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ అతికింది. జనార్దన్ కాదనలేదు. తన చేతులవంక చూసుకుని, "జారిందో ఏమో" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు సిమెంటు జనార్దన్ అయింది. చాయ్ హోటల్లో, పెళ్లిళ్లలో, ఎక్కడ కనబడినా ఆ పేరే. ఏడాది తిరక్కుండా భార్యాపిల్లలను తీసుకుని కోరుట్ల వెళ్లి, మోటార్ల దుకాణం పెట్టుకున్నాడు. ముత్తయ్య అడ్డుకోలేదు. ఆ ఒక్క పైపు మీది కసినంతా మిగతా లోకంలోని పైపుల మీద తీర్చుకోవడం మొదలుపెట్టాడు. అలా గొప్పవాడయ్యాడు. సబ్బు తప్ప ఇంకేదీ పైపులో పోయని వాడయ్యాడు.

పన్నెండేళ్లు గడిచాయి. సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులు బందు. బొగ్గు గనులు కూడా బందు కావడంతో కరెంటు వచ్చినప్పుడు పండుగ, పోయినప్పుడు మామూలు. సరిగ్గా ఆ రోజుల్లో లసుమవ్వ కార్ఖానా కేబులు భూమిలోపల కాలిపోయింది. ఊరికి కరెంటు వచ్చే ఆ నాలుగు గంటలు కూడా ఆమె సాంచాలు చీకట్లో నిలబడ్డాయి. ఆమె దగ్గర పనిచేసే ఇద్దరూ ముంబై దగ్గరి భీవండి మగ్గాలకు పోతామని సంచులు సర్దుకున్నారు. బస్సులు లేవు గనక ఆగారు. వాళ్లు పోతే మళ్లీ రారని లసుమవ్వకు తెలుసు. పాత కేబులు బయటికి వస్తేగాని, ఆమె ముందే కొని ఉంచిన కొత్తది లోపలికి పోదు. ఆమె రెండు కబుర్లు పంపింది. ఒకటి ముత్తయ్యకు, రెండోది కోరుట్లకు.

"ఏసినోళ్లే తియ్యాలె" అంది.

ఆ రోజు రోడ్డు మీద వంటావార్పు ఉంది. సమ్మెలో ఉన్నవాళ్లంతా రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తినడం. రెండు వందల మందికి వండే పెత్తనం పోశవ్వది. బీడీలు చుట్టే చేతులు ఆమెవి, గొంతు మాత్రం బ్యాండు మేళానిది. మైకు బాధ్యత సమ్మెలో ఉన్న నరేందర్ సారుది. బడి మూతపడి పిల్లల మీద అరిచే అవకాశం పోయిందేమో, ఆ లోటంతా మైకులో తీర్చుకుంటున్నాడు. ముత్తయ్య ఉదయం ఏడింటికే వచ్చి, స్తంభం పక్క గుంతలో దిగి, సబ్బునీళ్లు పోసి, సుద్దగీత గీశాడు. కార్ఖానా వైపు నుంచి పనివాళ్లతో నెట్టించాడు. గీత కదలలేదు. మళ్లీ నెట్టించాడు. కదలలేదు. కదలదని ఆయనకు ముందే తెలుసు.

పదింటికి జనార్దన్ మోపెడ్ మీద దిగాడు. దారిలో నాలుగు చోట్ల రోడ్డు ఆపారట. నాలుగు చోట్లా జై తెలంగాణ అనిపించి, నాలుగు చోట్లా పులిహోర తినిపించి పంపారట. నెరిసిన జుట్టు, అదే మాటలేని ముఖం. మోపెడ్‌కు గడ్డపార కట్టుకుని వచ్చాడు. సంచిలో సుత్తె, ఉలి.

"లసుమక్కా, తప్పు నాది. కీలు కాడ తవ్వి, నా సిమెంటు నేనే పగులగొడ్త" అన్నాడు.

ముత్తయ్యకు దొంగకు తేలు కుట్టినట్టయింది. కీలు ఉన్నది రోడ్డు మధ్యన. సరిగ్గా దాని మీద పోశవ్వ పెద్ద పొయ్యి ఉంది. ఆమె ఒప్పుకోదులే అని కాస్త ఆశపడ్డాడు. కానీ ఉద్యమకాలంలో రోడ్డు తవ్వుతామంటే వద్దనేవాడెవడు? నరేందర్ సారు మైకు అందుకున్నాడు.

"రోడ్డు తవ్వుతున్నరట! మనకు ఇన్ని రోజులు యాదికే రాకపాయె! పోశక్కా, పొయ్యి రెండు గజాలు జరుపు. లసుమవ్వ కార్ఖానా కేబులుకు విముక్తి కావాలె!"

"కావాలె!" అని రెండు వందల గొంతులు లేచాయి. పోశవ్వ గొణుక్కుంటూనే పొయ్యి జరిపింది. కుర్రాళ్లు పోటీలు పడి తవ్వారు. ముత్తయ్య గుంత చుట్టూ కాలుకాలిన పిల్లిలా తిరిగాడు.

"బావా, ఎండ మీద ఉన్నది, అన్నం తిన్నంక తవ్వుదం."

"నాలుగు సార్ల పులిహోర తిన్న బావా."

"గా పైపు పలుగుతె మల్ల కొత్తది దొరకది. దుకాణాలన్ని బందు."

"కీలు కాడ్నే పలుగగొడ్త. జెర ముక్కనే పోతది."

నడుములోతు గుంతలో గడ్డపార పైపుకు తగిలి ఠంగుమంది. జనార్దన్ లోపలికి దిగి, మట్టి తుడిచి, కీలు మీద ఉలి ఆనించాడు. పైపు పగిలితే ఏమవుతుందో ముత్తయ్యకు స్పష్టంగా కనబడింది. కొత్త పైపు వారానికి కూడా దొరకదు. పనివాళ్లు భీవండి పోతారు. ఇంకోటి కూడా కనబడింది. లోపల చూస్తే సిమెంటు ఉండదు. అప్పుడేం చెప్పాలి? అంతలోనే ఆయన నోరు మరో జవాబు సిద్ధం చేసి పెట్టింది. 'సిమెంటు ఇంకా లోపటికి జారిందేమో బావా.' ఆ అబద్ధం ఎంత బాగా అతుకుతుందో చూసుకుని ఆయనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

జనార్దన్ సుత్తె ఎత్తి, ఆగి, తల పైకెత్తి చూశాడు. "బావా, నాతోని నీ పేరు గూడ ఖరాబైంది. ఇయ్యాలటితోని కడుక్కుంట."

ఇక ముత్తయ్య నిలబడలేకపోయాడు. గుంత అంచున మోకాళ్ల మీద కూర్చుని, "బావా, ఆగు, సిమెంటు లేదు" అన్నాడు. సరిగ్గా అప్పుడే నరేందర్ సారు నినాదం ఎత్తుకున్నాడు. రెండు వందల గొంతుల కింద ముత్తయ్య మాట చితికిపోయింది. మళ్లీ అన్నాడు. జనార్దన్ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, వినబడలేదని తల ఊపి, సుత్తె ఎత్తాడు. రహస్యంగా చెప్పుకుందామంటే ఆ రోడ్డు మీద చోటు లేదు. వినబడేది ఒక్కటే, మైకు. ముత్తయ్య లేచి ఉరికి, నరేందర్ సారు చేతిలోంచి దాన్ని లాక్కున్నాడు.

"జనార్దన్ బావా! కొట్టకు! గా పైపుల సిమెంటు లేదు. గంజి ఉన్నది. నేనే పోసిన!"

మైకు ఆ మాటను రోడ్డు చివరిదాకా తీసుకుపోయింది. చాయ్ హోటల్లో గ్లాసులు ఆగాయి. అందరికంటే ముందు తేరుకున్నది పోశవ్వ.

"ఏం గంజి తమ్మీ?"

"బియ్యపు గంజక్కా. రెండు బక్కెట్లు. కేబులు జారుతదని పోసిన. గట్టిపడ్డది. బావ మీద పెట్టిన. బావ తప్పు ఇంతన్న లేదు."

అప్పుడు లేచిన నవ్వు సమ్మె మొదలైనప్పటి నుంచి ఆ రోడ్డు విననిది. పైపుకు గంజి పట్టినవాడట! మరి ఇస్త్రీ కూడా చేయకపోయావా అన్నాడొకడు. లసుమవ్వ మాత్రం నవ్వలేదు. "పన్నెండేండ్ల సంది నా ఇంటి గంజే నా పైపుల పెట్టి, నా ముందట గుంజుడు మొనగాన్నని తిరిగినవారా ముత్తిగా?" అంది. ముత్తయ్య తల వంచుకున్నాడు. ఆయన చూపంతా గుంతవైపే ఉంది.

జనార్దన్ నెమ్మదిగా పైకి వచ్చాడు. చేతుల మట్టి దులుపుకున్నాడు. తిట్టలేదు, నవ్వలేదు. పైపు ఎటు వాలుగా ఉందో ఒకసారి చూసి, "గంజైతె వేడినీళ్లకు ఇడుస్తది" అన్నాడు. అంతే. ముత్తయ్యవైపు చూడలేదు.

వేడినీళ్లు ఉన్నది ఒక్కచోటే. పోశవ్వ పొయ్యి మీద రెండు డేగిసాల ఎసరు తెర్లుతోంది. ఆమె గరిటె అడ్డం పెట్టింది.

"రెండు వందల మంది ఆకలి మీద ఉన్నరు. ఎసరు అడిగెటోన్ని గిప్పుడే చూస్తున్న."

"అక్కా, కాళ్లు మొక్కుత."

"కాళ్లెందుకు? ఎసరు తీస్కపో. మల్ల నీళ్లు బోరింగు కాడికెల్లి నువ్వే మోసుకచ్చి పొయ్యాలె. ఒక్కని సాయం గూడ తీసుకోవద్దు."

ముత్తయ్య మోశాడు. నలభై అయిదేళ్ల నడుము, పదహారు బిందెలు. ఒక్కో బిందెకు రోడ్డు మీదివాళ్లు అంకె లెక్కపెట్టి ఈలలు వేశారు. ఈలోగా జనార్దన్ పైపు కార్ఖానా వైపు మూతిని గుడ్డలతో బిగించి, స్తంభం వైపు నుంచి ఎసరు పోశాడు. చల్లారే దాకా ఆగి, వదిలి, మళ్లీ పోశాడు. మూడోసారి వదిలినప్పుడు నీళ్లు తెల్లగా, జిగటగా వచ్చాయి. పన్నెండేళ్ల పాటు భూమిలో దాగిన గంజి వాసన ఎలా ఉంటుందో వర్ణించను. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు లేచి దూరం జరిగారని మాత్రం చెబుతాను.

కుర్రాళ్లు తాడు పట్టుకున్నారు. జై తెలంగాణ అంటూ ఒక్క ఊపున లాగేస్తామన్నారు. ముత్తయ్యకు వాళ్లను కసిరే ధైర్యం చాలలేదు. జనార్దనే చెయ్యి అడ్డం పెట్టాడు. ముత్తయ్యను స్తంభం దగ్గరికి పొమ్మని సైగ చేసి, తాను కార్ఖానా గోడ దగ్గర కూర్చున్నాడు. పన్నెండేళ్ల తర్వాత ఒకే కేబులుకు రెండు కొనల మీద బావలిద్దరూ.

"నూకు బావా!"

"గుంజు బావా!"

సుద్దగీత వెంట్రుకవాసి కదిలింది. ముత్తయ్య బీడీ ముట్టించలేదు. మళ్లీ నెట్టు, మళ్లీ లాగు. జానెడు వచ్చింది. మూరెడు వచ్చింది. తరువాత ఒక్కసారిగా పట్టు వదిలి, నల్లటి కేబులు గంజి కార్చుకుంటూ బయటికి పాకింది. దాని తోకకే తాడు కట్టి ఉంచారు గనక, ఆ తాడు వెంట సబ్బు పూసిన కొత్త కేబులు లోపలికి పోయింది. కీలు గుంత పూడ్చారు. ఆలస్యమైన అన్నాన్ని జనం తిట్టుకుంటూనే రెండేసి మార్లు పెట్టించుకుని తిన్నారు.

మూడు గంటలకు కరెంటు వచ్చింది. లసుమవ్వ తన చేతులతో మెయిన్ వేసింది. ఒక సాంచా కదిలింది, రెండోది అందుకుంది, ఎనిమిదీ కలిసి మొదలెట్టేసరికి ఆ రేకుల షెడ్డులో పక్కవాడి కేక పక్కవాడికి వినబడదు. పనివాళ్లిద్దరూ సంచులు గోడకు తగిలించి నూలు కండెలు అందుకున్నారు. ముత్తయ్య తలుపు దగ్గర, ఇక తనకు అక్కడ పని లేనట్టు నిలబడ్డాడు.

జనార్దన్ వేలితో రమ్మన్నాడు. సాంచాల మధ్య సందులోకి, చప్పుడు మరీ ఎక్కువగా ఉన్న చోటికి తీసుకుపోయాడు. అక్కడ ఎదురుగా నిలబడి తిట్టడం మొదలుపెట్టాడు. ఏనాడూ నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి పది నిమిషాలు ఆగకుండా, చేతులు తిప్పుతూ, మెడనరాలు ఉబ్బిపోయేలా తిట్టాడు. తలుపు దగ్గర గుమిగూడిన జనానికి ఒక్క ముక్క వినబడలేదు. బావలిద్దరూ ఏదో లెక్క మాట్లాడుకుంటున్నారనుకుని, విసుగెత్తి వెళ్లిపోయారు.

సాంచాల మధ్య పెరిగినవాళ్లు మాత్రం చెవులతో వినరు. పెదవులు చూసి మాట తెలుసుకుంటారు. ముత్తయ్యకు ఒక్క అక్షరం తప్పిపోలేదు. బావ ఈ చోటే ఎందుకు ఎంచుకున్నాడో కూడా అర్థమైంది. ప్రతి తిట్టుకూ తల ఊపాడు. చివరికి జనార్దన్ చేతులు కిందికి దిగాయి. పెదవులు మెల్లగా కదిలాయి.

"పన్నెండేండ్లు నా చేతులను నేను నమ్మలే బావా. ఒక్కొక్క మోటారు మూడు సార్లు ఇప్పి సూసిన."

ముత్తయ్య ఆ రెండు చేతులనూ పట్టుకుని, ఎనిమిది సాంచాల మోతలో, చిన్నపిల్లాడిలా బావురుమని ఏడ్చాడు. జనార్దన్ తప్ప ఎవరూ వినలేదు.